అండీ అంటే ఆపెయ్!

"పైకి లేపండి."

"లేపుతున్నానండి."

వాకీటాకీలో ఆ రెండు మాటలూ వినగానే సూపర్‌వైజరమ్మ ఉలిక్కిపడింది.

క్రేన్ నడిపేవాడు బావ. కొత్త ఆసుపత్రి డాబా మీంచి సైగలు చేసేవాడు అతని బావమరిది. తిట్టుకోకుండా ఒక్క బరువైనా ఎత్తిన జంట కాదు. అలాంటిది ఇవాళ అండీలు!

కొక్కేనికి స్కానింగ్ యంత్రం వేలాడుతోంది. డాబాలో వదిలిన ఖాళీలోంచి దాన్ని లోపలికి దించాలి. మబ్బు కమ్ముకొస్తోంది. తడిస్తే యంత్రం పాడు. ఆమె సొంతంగా చేయిస్తున్న మొదటి పని ఇదే.

"ఆపండి! మళ్ళీ లారీ మీదికి దించెయ్యండి!"

మరుక్షణం ఆఫీసు గదిలోంచి మేనేజరు ఫోన్.

"ఎందుకాపావ్? గాలి ఎక్కువైందా?"

"లేదు సార్. వాళ్ళిద్దరూ మర్యాదగా మాట్లాడుకుంటున్నారు."

"నీకేమైనా పిచ్చా? వాన వచ్చేస్తోంది!"

ఆమె ఫోన్ పెట్టేసి వాకీటాకీ అందుకుంది.

"అన్నా, ఏమైంది?"

"ఏం లేదు మేడమ్. ఎత్తమంటే ఎత్తుతా, దించమంటే దించుతా."

"కడుపులో ఏదో పెట్టుకున్నావ్. కక్కెయ్."

గరగరమని చప్పుడు. తర్వాత మాట.

"పొద్దున టీ దగ్గర అందరి ముందూ అన్నాడు మేడమ్. పాత క్రేనూ, పాత బావా, రెండూ తుక్కుకేనట! మా ఆవిడ తమ్ముడైపోయాడు గానీ, లేకపోతే కొక్కేనికి తగిలించేవాణ్ణి."

"నవ్వులాటకన్నాను బావా!" డాబా మీంచి అరుపు. "తప్పే. నోరు జారింది."

"అన్నా, ఆ మాట గుచ్చుకుంటుంది, కాదనను," అందామె. "ఇప్పుడిది చెప్పు. బరువు ఎలా ఉంది?"

"లేపిన దగ్గర్నుంచీ కుడికి లాగుతోంది మేడమ్. తుక్కుగాడి మాట ఎవరు వింటార్లే అని ఊరుకున్నా."

ఆమె లారీ ఎక్కి యంత్రం అడుగుకి వంగి చూసింది. యంత్రాన్ని కొక్కేనికి కట్టిన కుడివైపు బెల్టు ఇనుప అంచుకి ఒరుసుకుని సగం తెగి ఉంది! ఇంకాస్త పైకి లేచి ఉంటే, పడేది సరిగ్గా బావమరిది నెత్తినే.

ఆమె ఆ సంగతి చెప్పగానే బావ వాకీటాకీలో అరిచాడు.

"నీకేమైనా అయ్యుంటే మీ అక్కకి ఏం చెప్పుకునేవాణ్ణిరా!"

"నువ్వు బతికించావ్ బావా."

"ఏడుపు తర్వాతరా. కొత్త బెల్టు పడుతోంది, సైగ చెయ్యి!"

యంత్రం మళ్ళీ గాల్లోకి లేచింది. ఆమె నుదుటి మీద తొలి చినుకు పడింది. మళ్ళీ ఫోన్.

"ఏమ్మా, ఇప్పుడెలా ఉంది?"

ఆమె వాకీటాకీని ఫోన్ దగ్గర పెట్టింది.

"ఒరేయ్ దున్నపోతా, ఎడమకా కుడికా?"

"ఎడమకే బావా! నీ ఎడమ ఏదో అక్కనడిగి చెప్పమంటావా?"

"విన్నారుగా సార్?" అందామె నవ్వుతూ. "తిట్టుకుంటున్నారు. ఇంక భయం లేదు."

యంత్రం లోపలికి దిగింది. వాన విరుచుకుపడింది.

"ఖాళీ మీదికి టార్పాలిన్ లాగరా! పెళ్ళిపీటల మీదికీ ఇలాగే పాక్కుంటూ వచ్చావ్!"