కిమ్‌లో చూసిన రెండు సీట్ల కారు

మా నాన్న సోమలింగానికి కార్ల పిచ్చి ఏమీ లేదు. ఆయనకు కావలసింది మూడో మనిషి ఎక్కడానికి వీల్లేని బండి. అలాంటివి ఉంటాయనీ, వాటిని స్పోర్ట్స్ కార్లంటారనీ ఆయనకు ముసలితనం మొదలయ్యాక తెలిసింది.

ఆ మూడో మనిషి మొండయ్య మామ. అమ్మకు స్వయానా అన్న. అత్త చనిపోయాక, నేను పుట్టకముందే, సూరత్‌లో మా ఇంటికి వచ్చాడు. అక్కడి వడోద్‌ బస్తీలో మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో మామ ఉంటాడు. రెండో గదిలో మేముంటాం, మామ అక్కడ కూడా ఉంటాడు. ఆయన్ని చెడ్డవాడని ఎవరైనా అంటే వాళ్ళతో పోట్లాడేది ముందు నేనే. కానీ అమ్మానాన్నలు సినిమాకు పోతే వాళ్ళిద్దరి మధ్య సీటు మామది. డుమస్ సముద్రానికి పోతే అందరికంటే ముందు తడిసేది మామ. నాన్న స్కూటర్ కొన్నాడు. వెనక సీటు మీద మామ కూర్చుంటాడు, అమ్మ ఆటోలో వస్తుంది. పక్కకు తప్పుకోమని ఇన్నేళ్ళలో ఒక్కరూ అనలేదు. నొచ్చుకుంటాడని నాన్నకు భయం, అమ్మకు అంతకన్నా భయం.

పోయిన నెల నాన్న నన్ను డాబా మీదికి పిలిచి సంగతి చెప్పాడు.

“మీ అమ్మను ఒక్కపారన్న ఇద్దరమే ఏడికన్న తీస్కపోవాలె బిడ్డా. నాలుగు సీట్ల కారు కొన్ననుకో, మీ మామ ముంగట కూసుంటడు, మీ అమ్మ ఎనక కూసుంటది. రెండే సీట్లుంటె ఇగ ఎవలేమంటరు?”

“మామకు చెప్పి మీరిద్దరే పోరాదె?”

“ఎట్ల చెప్పాల్నే? నువ్వు చెప్తవా?”

నేను చెప్పను. నాకూ అంత ధైర్యం లేదు. ఒక్క మాట అనలేక కారు కొనే కుటుంబం మాది.

కారు సూరత్ దగ్గరి కిమ్ అనే ఊళ్ళో ఉంది. అక్కడ ఠాకోర్‌భాయి అనే ఆయన మూతబడ్డ కార్ఖానాల్లోని పాత సామాను కొని అమ్ముతాడు. నాన్న పాత సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, చూడటానికి వెళ్ళి, వాటి వెనక ఎర్ర రంగు కారును చూశాడు. విదేశీ కారు, టాపు లేనిది, నాన్న వయసుకు ఇంచుమించు దగ్గరిది. ధర ఒక కొత్త స్కూటర్ ధర. ఆ ధర విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. అలాంటి కార్ల కోసం డబ్బున్నవాళ్ళు కొట్టుకుంటారు. దానికి ఏదో ఒక రోగం లేకపోతే అది ఠాకోర్‌భాయి గోదాములో ఎందుకుంటుంది?

నాన్న ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేదు. “అందుకే గదా చూసి కొందామంటున్న,” అన్నాడు.

మా ఇంట్లో ఏ మిషన్ కొన్నా మామ చూడాల్సిందే. జోల్వా కార్ఖానాలో మేము నడిపే సాంచాలన్నీ ఆయన చెయ్యి పెట్టి సరే అన్నవే. కాబట్టి మామకు దూరంగా ఉండటానికి కొనే కారును చూడటానికి మామ కూడా బయల్దేరాడు. ఆదివారం నాడు నలుగురం లోకల్ రైలెక్కి కిమ్‌లో దిగాం.

మామ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. మళ్ళీ తిరిగాడు.

“ఎనక సీటేదీ?”

“గీ మోడలు గంతే బావా,” అన్నాడు నాన్న, ఆకాశం వైపు చూస్తూ.

“ఏం పర్వలేదు. ఈడ డిక్కీ మీద రెండు రాడ్లు వెల్డింగ్ చేపిచ్చి, చిన్న బల్ల ఏస్కుంటె నేను మంచిగ కూసుంట.”

 నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. అమ్మ మాత్రం ఏమీ విననట్టు తలుపు తీసుకుని, ఎడమ సీట్లో దుమ్ము కొంగుతో దులిపి కూర్చుంది.

పరీక్ష మొదలైంది. నేను ఫోన్‌లో వీడియోలు చూసి సిద్ధపడి వచ్చాను. వెంట తెచ్చిన అయస్కాంతం తలుపులకు ఆనించాను. అంతా ఇనుమే, లప్పంతో మసిపూసి మారేడుకాయ చేసిన చోటు ఒక్కటీ దొరకలేదు. కాగితాల్లోని నంబరూ కారు మీది నంబరూ ఒక్కటే. సీట్ల కింద వరద బురద లేదు. అన్నీ సరిగ్గా ఉండేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది.

ఠాకోర్‌భాయి కొత్త బ్యాటరీ తగిలించి ఇంజన్ స్టార్ట్ చేశాడు. మామ కళ్ళు మూసుకుని ఇంజన్ మీద అరచెయ్యి పెట్టాడు. సాంచాల మోతలో బతికినవాళ్ళు చెవిని నమ్మరు, చెయ్యిని నమ్ముతారు. పాత సాంచా కొనేటప్పుడు చేసే పద్ధతే ఇది. స్విచ్ వేయించి, పక్క చట్రం మీద చెయ్యి ఆనించి, వేడెక్కేదాకా కదలకుండా నిలబడతారు. అదురు ఎగుడుదిగుడుగా ఉంటే రోగం, ఒకే తీరుగా ఉంటే ఆరోగ్యం. మామ తర్వాత నాన్న పెట్టాడు. నాన్న తర్వాత మళ్ళీ మామ. పొగ రంగు చూశారు, నూనె వాసన చూశారు, ఇంజన్ ఆపించి మళ్ళీ స్టార్ట్ చేయించారు. ఠాకోర్‌భాయి చాయ్ తెప్పించాడు. అయినా పరీక్ష సాగుతూనే ఉంది. అమ్మ కారులోనే కూర్చుని చాయ్ తాగింది.

చివరికి మామ చెయ్యి తుడుచుకున్నాడు.

“కడక్ ఉన్నది మిషన్. కండ్లు మూస్కొని తీస్కో బావా.”

నాన్న జేబులోంచి బయానా డబ్బులు తీయబోయాడు. అప్పుడు అమ్మ అడిగింది.

“అంత మంచిగుంటె జర ముందటికి తీయి. ఎట్ల పోతదో చూద్దాం.”

మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంతసేపు పరీక్షించినవాళ్ళలో ఒక్కరికీ కారును కదిలించాలని తట్టలేదు. సాంచాను నేలకు బోల్టులేసి బిగిస్తారు. అది ఎక్కడికీ పోదు. మామా, నాన్నా జీవితమంతా చూసిన మిషన్లేవీ ఎక్కడికీ పోయేవి కావు. చదువుకున్నదాన్ని, నాకేమైందో నాకే తెలియదు.

నాన్న ఎక్కి గేరు వేశాడు. ఇంజన్ గర్జించింది. కారు కదల్లేదు. రెండో గేరు వేశాడు. గర్జన మారింది, కారు మారలేదు.

నేను ఠాకోర్‌భాయి వైపు తిరిగాను. ఆయన చాయ్ కప్పులు పక్కకు పెట్టాడు.

“నీచే కుఛ్ నహీ హై, బహెన్,” అన్నాడు చాలా మర్యాదగా. కింద ఏమీ లేదట. ఇంజన్ నుంచి వెనక చక్రాలకు పోయే రాడ్డూ, ఆ చక్రాలను తిప్పే పళ్ళచక్రాలూ ఎవరో ఏనాడో విప్పి అమ్మేసుకున్నారట. అవి ఎక్కడా దొరకవట. అందుకే ఆ ధర అట.

“పహెలే క్యోం నహీ బతాయా?” ముందే ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

“ఆప్ లోగోం నే మిషన్ దేఖా. మిషన్ తో మస్త్ హై నే?” మేము చూసింది మిషన్‌నట, అది బాగానే ఉంది కదా అట.

కిందికి వంగి చూశాను. నిజంగానే ఖాళీ. సాంచా కింద నేల తప్ప ఏమీ ఉండదు కాబట్టి మావాళ్ళు కిందికి చూడలేదు. నేను ఎందుకు చూడలేదో మాత్రం అడగకండి.

నాన్న ఇంజన్ ఆపి దిగబోయాడు. “దిగు పద్మా. ఇది నడువది. పోదాం.”

అమ్మ దిగలేదు.

“నడువకుంటె నడువకపాయె. జర సేపు కూసో. పెండ్లయి ముప్పై ఏండ్లాయె, అన్న నడుమల లేకుండ నీ పక్కన కూసునుడు ఇదే మొదలు.”

ఆ మాట గుసగుసగా చెప్పినట్టే అనుకుంది అమ్మ. సాంచాల మధ్య పని చేసే మనుషుల గుసగుస గోదాము అవతలి గోడకు వినిపిస్తుంది. ఇంజన్ ఆగిపోయి ఉంది. సగం చెవుడు ఉన్న మామకు కూడా ప్రతి మాటా వినిపించింది.

 మామ తన అరచేతికి అంటిన నూనె వైపు చూస్తూ నిలబడ్డాడు.  నాకు అమ్మ మీద కోపం వచ్చింది, ఆమె తప్పు ఏమీ లేదని తెలిసి మరీ వచ్చింది.

“అందుకేనా బావా, రెండు సీట్లది?” అన్నాడు మామ.

నాన్న స్టీరింగ్ వైపు చూశాడు. “ఎట్ల చెప్పాల్నో తెల్వలే బావా.”

“నోటితోని చెప్తరు. అడ్డమున్నవు, జరుగు అంటె జరగనా? పరాయోన్నా నేను?”  అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. “ఏడువకు చెల్లె. కూసో. నువ్వు సుత కూసో బావా, దిగకు.”

నాన్న దిగలేదు. మామ చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. కారు వెనక్కి వెళ్ళి, తను బల్ల వేయించుకుందామనుకున్న చోట రెండు చేతులూ ఆనించి తోశాడు.

కారు కదిలింది. గోదాములోంచి మెల్లగా ఎండలోకి వచ్చింది. నేనూ ఒక చెయ్యి వేయబోతే మామ వద్దని తల ఊపాడు. నాన్న చాలా శ్రద్ధగా స్టీరింగ్ తిప్పుతున్నాడు. ఆవరణ చుట్టూ, తుప్పు పట్టిన బాయిలర్ పక్కనుంచి, పాత సాంచాల ముందునుంచి కారు ఒక చుట్టు తిరిగింది. అమ్మ కళ్ళు తుడుచుకుని, ఎదురుగాలి వస్తున్నట్టు కొంగు తలమీదికి లాక్కుంది. గాలేమీ లేదు. మామ ఆయాసపడుతూ రెండో చుట్టు మొదలుపెట్టాడు.

చుట్టు అయ్యాక ఠాకోర్‌భాయి వచ్చి కొంటారా లేదా అని అడిగాడు. నేను లేదని చెప్పబోయాను. మామ అడ్డం వచ్చి, ధర ఇంకొంచెం తగ్గించు, తీసుకుంటామని హిందీలో చెప్పాడు.

“మామా, నీకేమన్న పిచ్చా? నడువని కారు తీస్కపోయి ఏం చేస్తం?”

మామ ముఖం తుడుచుకుంటూ కారులో ఉన్న ఇద్దరి వైపు చూశాడు.

“నడిస్తె తోసెటందుకు నన్నెవలు పిలుస్తరే?” అన్నాడు.