నేను చూడని కవరు

ఆశ్రిత పోయిన రోజు నేను మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. పొద్దున ఫోన్ చేసినప్పుడు, "గ్లవ్స్ తొడుక్కోమ్మా, తర్వాత చేతులు మంటలంటావ్" అంది. నేను తొడుక్కోలేదు. మధ్యాహ్నం కబురు వచ్చాక, ఆ చేతులతో కళ్ళు తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

మూడేళ్ళయింది. సైన్యానికి మందుగుండు తయారుచేసే ఒక సంస్థలో మా అమ్మాయి కెమిస్టు. "ప్రమాదానికి ఉద్యోగిని అజాగ్రత్తే కారణం" అని ఒక్క వాక్యం రాసి పంపారు. గదిలోని ఆవిరిని బయటికి లాగే ఫ్యాను పనిచేయడం లేదని తను రెండుసార్లు ఉత్తరం రాసిచ్చింది. నాతో చెప్పింది. అందుకే గుంటూరు కోర్టులో దావా వేశాను. విచారణ నివేదికా, ఆ ఉత్తరాలూ చూపించమన్నాను. దేశ భద్రత అన్నారు. కాగితాలన్నీ కవరులో పెట్టి, సీలు వేసి జడ్జిగారికిచ్చారు. ఆయన చదివి, బయటపెట్టడానికి వీల్లేదన్నారు. నా కూతురు చేసిన తప్పేమిటో ఆయనకు తెలుసు. నాకు తెలియకూడదు.

ఇంట్లో వాళ్ళకు ఆ కవరుతో పని లేదు. "ఆ పిల్ల చేతికి నిదానమేదీ? పాలు పొంగించని రోజుందా?" అంటారు అత్తయ్య. పొయ్యి మీద పాలు మరిచిపోయేది ఆవిడ కొడుకేనని నేనెప్పుడూ చెప్పలేదు. "ఆడపిల్లకి మందుగుండు ఉద్యోగమేంటని ఆ రోజే అన్నాను" అంటారు మా ఆయన. అనలేదు. ఆ రోజు వీధంతా స్వీట్లు పంచారు.

ఆదివారం మా లాయరు రామమూర్తి గారు సత్తెనపల్లిలో మా ఇంటికి వచ్చారు. దావా వేసింది నేను. ఆయన మాట్లాడింది మా ఆయనతో.

"ఆ కాగితాలు లేకుండా మనమేం రుజువు చేస్తామండీ? ఓడిపోతే ఆ అజాగ్రత్త తీర్పులోకి కూడా ఎక్కుతుంది. దావా వెనక్కి తీసుకోవడమే మంచిది. మేడమ్ గారికి మీరే నచ్చజెప్పాలి."

"పెడుతుందిలెండి సంతకం. కాగితం ఇచ్చి వెళ్ళండి."

నేను కాఫీ గ్లాసులతో అక్కడే నిలబడి ఉన్నాను.

మర్నాడు నేను పాఠాలు చెప్పే బడిలో పదో తరగతి ప్రీఫైనల్ పరీక్ష. ప్రశ్నపత్రాల కవరు తెరిచే ముందు, సీలు సరిగ్గా ఉందని ఇద్దరు పిల్లలు చూసి సంతకం చేయాలి. మొదటి పిల్లవాడు చూడకుండానే గీకేశాడు. శాంతి మాత్రం కవరు అటూ ఇటూ తిప్పింది. మూలలు తడిమింది.

"త్వరగా కానివ్వమ్మా, టైమైంది" అన్నాను.

"చూడకుండా సంతకం పెట్టొద్దని మీరే చెప్పారు గదా మేడమ్."

చెప్పాను. పాతికేళ్ళుగా ప్రతి బ్యాచికీ చెబుతున్నాను. ఆ అమ్మాయి తాపీగా చూసి, సంతకం చేసి, వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది. కత్తెర కోసం డ్రాయరు తెరిచాను. కాసేపు నాకు కత్తెర కనిపించలేదు.

సాయంత్రం నేను బియ్యం కడుగుతుంటే మా ఆయన ఆ కాగితం, పెన్ను తెచ్చి గట్టు మీద పెట్టారు.

"చదువుతావా ఏంటి? దావా వద్దని రాసుంది, అంతే. పెట్టు."

"నేను చదవాల్సింది వేరే ఉందండీ."

"వాళ్ళు చూపించరు జ్యోతీ. ఓడిపోతావ్."

"ఓడిపోతాను. సంతకం మాత్రం పెట్టను."

ఆయన పెన్ను తీసుకుని వెళ్ళిపోయారు. నేను బియ్యం పొయ్యి మీద పెట్టాను.

వాయిదా వచ్చే నెల తొమ్మిదిన. సెలవు చీటీ రాసిచ్చాను. నా కూతురు రాసిన రెండు ఉత్తరాలు నేనింకా చదవలేదు.