అంతవరకే లేచే చెయ్యి

యజ్ఞనారాయణ పోయి కర్మలు ముగిసి నెల తిరక్కుండానే కూతురు భాగ్యరేఖ ఆయన్ని కంప్యూటర్లో నిలబెడతానని మొండిపట్టు పట్టింది. తొంభై ఎనిమిదిలో ఆ ఇంట్లో వీడియో కెమెరా ఎక్కడిది? ఉన్నవన్నీ ఫొటోలే. వాటిలో ఆయన ఊపిరి బిగబట్టి కర్రలా నిలబడి ఉంటారు. ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపే రోజుల్లో డ్యూటీకి బయల్దేరి, సెక్టర్ 2 వీధి మలుపులో సైకిలు మీంచే వెనక్కి తిరిగి చెయ్యి ఊపే నాన్న కావాలి భాగ్యకు. ఆ ఊపు ఒక్కసారి అమ్మకు చూపించాలి.

భాగ్య పనిచేసేది స్మృతి నగర్‌లో ఒక కంప్యూటర్ సెంటర్లో. చెప్పులు బయట విప్పందే లోపలికి రానివ్వరు. ఇళ్లలో మనుషులకు లేని ఏసీ అక్కడ మెషిన్లకు ఉంది. క్లాసులు చెప్పడం అయ్యాక, తెరమీద తయారుచేస్తున్న నాన్న బొమ్మ ముందు ఆమె కూర్చునేది. భుజానికి జబ్బ, జబ్బకు ముంజెయ్యి, దానికి అరచెయ్యి తగిలించింది. చివరనున్న అరచేతిని పట్టి లాగితే చాలు, మోచెయ్యి ఎంత వంగాలో, భుజం ఎంత లేవాలో సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. మొదట్లో మోచెయ్యి విరిగినట్టు వెనక్కి వంగింది. ఏ కీలు ఎంతవరకు తిరగాలో హద్దులు పెట్టాక దారికొచ్చింది.

ఆదివారం తల్లి లక్ష్మీకుమారిని వెంటబెట్టుకొచ్చింది. తెరమీద చెయ్యి పైకి లేచి హాయిగా ఊగింది. ఆవిడ పక్కింటివాళ్ల పెళ్లి ఆల్బమ్ చూసినట్టు మర్యాదగా చూసి, బాగుందంది. భాగ్యకు ప్రాణం చివుక్కుమంది. మౌస్ తల్లి చేతిలో పెట్టింది.

"చెయ్యి ఒక్కటే పట్టుకుని లాగమ్మా. మోచెయ్యి, భుజం అప్నే ఆప్, వాటంతటవే వచ్చేస్తాయి."

లక్ష్మీకుమారి చెయ్యి ఆగిపోయింది. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయిన రెండేళ్లూ ఆవిడ చేసిన పని అదే. పొద్దున్నే నూనె రాసి, మణికట్టు పట్టుకుని మెల్లగా పైకి లాగేది. చచ్చుబడ్డ మోచెయ్యి, దాని వెనకే భుజం కదిలొచ్చేవి. ఛాతీ దాటితే ఆయన పళ్లు బిగించేవారు, ఆవిడ ఆపేది. సరిగ్గా ఆ వేళకే భాగ్య మొదటి బ్యాచ్ కోసం బయల్దేరి వెళ్లిపోయేది.

ఇప్పుడావిడ మౌస్‌ను నెమ్మదిగా జరిపింది. బొమ్మ చెయ్యి ఛాతీ దాకా రాగానే ఆగి, దాని ముఖంలోకి చూసింది. మరికాస్త జరిపింది. చెయ్యి తల దాటి పైకి లేచిపోయింది. ఆవిడ ఉలిక్కిపడి మౌస్ వదిలేసింది.

"ఇంత పైకెత్తితే మీ నాన్న ఓర్చుకోలేరే. గుండెల కాడికే ఆపెయ్."

ఇది జబ్బు పడకముందు నాన్న అని భాగ్య నచ్చజెప్పబోయింది. ఆ సైకిలు మనిషి తనకూ గుర్తేనంది తల్లి. కాని ఆయన సగం ప్లాంటుకీ, సగం వీధిలో స్నేహితులకీ చెందిన మనిషట. తన చేతికి పూర్తిగా దొరికింది ఆ చివరి రెండేళ్లేనంది.

భాగ్యకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇన్నాళ్లూ తాను తన తండ్రినే వెతుక్కుంది. అమ్మ ఎవరిని పోగొట్టుకుందో ఒక్కసారీ అడగలేదు. కళ్లు తుడుచుకుని భుజం హద్దు తగ్గించింది. ఇక ఆ చెయ్యి ఊపడానికి లేవదు.

లక్ష్మీకుమారి మళ్లీ లాగింది. చెయ్యి ఛాతీ దాకా వచ్చి నిలిచింది. భద్రంగా కిందికి దించింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ దించింది. తెరమీంచి చూపు తిప్పకుండానే కూతుర్ని అడిగింది.

"రేపు పొద్దున్న ఎన్నింటికి తెరుస్తారే ఇది?"