ఈశాన్యంలో నాలుగంగుళాలు

శంషాబాద్ చుట్టుపక్కల ఏ ఇద్దరికి హద్దు దగ్గర పేచీ వచ్చినా ముందు పోలీసుల దగ్గరికి పోరు, సర్వేయర్ దగ్గరికీ పోరు. సత్తయ్య దగ్గరికి వస్తారు. యాభై మీటర్ల టేపు పట్టుకుని ఆయన గెట్టు మీద నిలబడి ఒక అంకె చెప్పాడంటే ఇక దానికి తిరుగులేదు. అటు బుద్వేల్ దాకా ఆయనకు ఆ పేరుంది. భూమి ధరలు ఆకాశానికి ఎగిరి, అంగుళం కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతున్న ఈ కాలంలో అది అల్లాటప్పా పేరు కాదు. సత్తయ్య రోజూ ఆ పేరును ఇస్త్రీ చొక్కాలా తొడుక్కునే బయటికి వచ్చేవాడు.

అలాంటి మనిషికి ఇంట్లో కర్ర నేల వేయించాలని బుద్ధి పుట్టింది. ఎయిర్‌పోర్టు దగ్గర ఏదో హోటల్లో పెళ్లి విందుకు వెళ్లి, అక్కడి టేకు పలకల మీద చెప్పులు విడిచి మరీ నడిచి వచ్చాడు. అప్పటినుంచి తన హాల్లోని సిమెంటు గచ్చు ఆయన అరికాళ్లకు గరుకుగా తగలడం మొదలైంది. అత్తాపూర్ డిపోలో టేకు కొన్నాడు. వడ్రంగి గోవర్ధన్‌ను పిలిచాడు. పక్కింట్లోనే ఉండే తమ్ముడు పాండుకు, శుక్రవారం పొద్దున కొత్త నేల మీద కూర్చుని నాష్తా చేద్దామని ముందే చెప్పేశాడు. ఆయన చేసిన మొదటి తప్పు అదే. కాదు, అంతకుముందు ఇంకొకటి ఉంది. గోవర్ధన్ వచ్చేదాకా అది బయటపడలేదు.

గోవర్ధన్ పనిమంతుడు. పలక ముట్టుకోకముందే హాలు ఆగ్నేయం మూల నుంచి దక్షిణపు గోడ వెంట ఆరడుగుల దగ్గర ఒక గీత, తూర్పు గోడ వెంట ఎనిమిదడుగుల దగ్గర ఒక గీత పెట్టాడు. రెండు గీతల నడుమ టేపు పరిచాడు. మూల సరిగ్గా ఉంటే పదడుగులు రావాలి. అంగుళం పైనే ఎక్కువొచ్చింది. మళ్లీ కొలిచాడు, మళ్లీ అంతే.

"అన్నా, గీ తూర్పు గోడ మూలమట్టానికి లేదు. ఉత్తరం దిక్కు పోంగ పోంగ నాలుగంగుళాలు అవుతలికి పోయింది. ఎవలో మేస్త్రి మంచిగ కట్టలే" అన్నాడు.

మేస్త్రీ మంచిగానే కట్టాడు. సత్తయ్య చెప్పినట్టు కట్టాడు. తండ్రి ఇచ్చిన జాగాను అన్నదమ్ములు చెరిసగం చేసుకున్నప్పుడు, రివాజు ప్రకారం పడమటి సగం పెద్దవాడికి, తూర్పు సగం చిన్నవాడికి వచ్చింది. నడిమి గోడ, అంటే ఈ హాలు తూర్పు గోడ, ఇద్దరిదీ. ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడిపే పాండుకు పునాది నాడు కూడా సెలవు దొరకలేదు. అన్న ఉండగా తనకేం ఫికరని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ పూటే సిద్ధాంతి వచ్చి, ఈశాన్యం నాలుగంగుళాలు పెరిగితే ఈ ఇంటికి ఎదురుండదని సెలవిచ్చాడు. ఈశాన్యం పెరగాలంటే గోడ కొస తూర్పుకు జరగాలి. తూర్పున ఉన్నది పాండు జాగా. సత్తయ్య కాసేపు అటూ ఇటూ చూసి, ఉత్తరం వైపు దారం కట్టిన మేకు పీకి నాలుగంగుళాలు అవతల దిగ్గొట్టాడు. అన్నగా పుట్టినందుకు ఆ మాత్రం చెల్లదా అనుకున్నాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో ఆ సంగతి నిజంగానే మరిచిపోయాడు. మనిషికి తను చేసిన మంచి గుర్తున్నంత బాగా ఇలాంటివి గుర్తుండవు.

ఇప్పుడు గుర్తుకొచ్చి గుండెలో రాయి పడింది. పాండు తిడతాడనీ పంచాయితీ పెడతాడనీ కాదు. వాడు ఇప్పటికీ ఏ కాగితం వచ్చినా చదవకుండా తెచ్చి అన్న ముందు పెడతాడు, అన్న వేలు చూపిన చోట సంతకం చేస్తాడు. ఊరంతా ఏమనుకున్నా సర్దుకోవచ్చు గానీ, ఆ తమ్ముడి కళ్లల్లో పలచన కావడం సత్తయ్య వల్ల కాదు.

వంకర కనపడకుండా ఏం చేయాలని గోవర్ధన్‌ను అడిగాడు. అదేం పెద్ద పని కాదన్నాడు గోవర్ధన్. పలకలను తూర్పు పడమరలుగా అడ్డం పరిస్తే, ఒక్కో పలక కొస వెంట్రుకవాసి పెరుగుతూ పోతుంది, దేవుడు దిగొచ్చినా పట్టుకోలేడు. సత్తయ్య ప్రాణం లేచొచ్చింది. అయినా మంచిదని సిద్ధాంతికి ఫోన్ చేశాడు. పలకలు ఉత్తర దక్షిణాలుగానే పారాలి, అడ్డం పరిస్తే వచ్చిన డబ్బు ఇంట్లో నిలవదన్నాడు సిద్ధాంతి. ఎనిమిదేళ్ల కింద ఆ నోటి మాటకే తమ్ముడి జాగా మింగిన మనిషి, ఇప్పుడు అదే నోటిని కాదనలేకపోయాడు.

పలకలు నిలువుగానే పడ్డాయి. పడమటి గోడ నుంచి వరసలు చక్కగా వచ్చి వచ్చి, చివరికి తూర్పు గోడ దగ్గర ఒక సందు మిగిలింది. దక్షిణాన ఏమీ లేదు, ఉత్తరాన నాలుగంగుళాలు. గోవర్ధన్ అందులోకి ఒక పలకను కత్తిలా చెక్కి కూర్చాడు. దాని మీద బీరువా పెడదామంటే సిద్ధాంతి వద్దన్నాడు. దివాన్ కూడా వద్దన్నాడు. ఈశాన్యంలో బరువు పనికిరాదు, ఖాళీగా ఉంచాలట. కాజేసిన నాలుగంగుళాల మీద ఒక పూలకుండీ పెట్టుకునే భాగ్యం కూడా సత్తయ్యకు లేకపోయింది. చివరికి జంపుఖాన పరిచాడు. ఇంత ఖర్చుపెట్టి కర్ర వేయించి దాన్ని కప్పేయడమేందని భార్య రుక్కమ్మ శుక్రవారం పొద్దున్నే జంపుఖానను తీసి మడతపెట్టేసింది.

పాండు స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. వట్టి కాళ్లతో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిచి, హోటల్ కంటే బాగుందని మెచ్చుకున్నాడు. తర్వాత తూర్పు గోడ దగ్గర గొంతుక్కూర్చుని, చివరి పలక మీద వేలితో దక్షిణం నుంచి ఉత్తరం దాకా రాసుకుంటూ వచ్చాడు. సత్తయ్య ఉప్మా ప్లేటు పక్కన పెట్టాడు. వడ్రంగి కొలత తప్పాడని గొణిగాడు.

"ఆయన కొలత కరెక్టే ఉన్నది అన్నా" అన్నాడు పాండు. "మా ఇంట్ల గీ గోడ పొంటి టైల్స్ గిట్లనే కోసినం. ఈడ పలక లావైన కాడ, మా దిక్కు టైల్ సన్నగైంది."

"ఎప్పటిసంది ఎర్క నీకు?"

"టైల్స్ ఏసిన నాడే. ఏడేండ్లాయె."

సత్తయ్య ఇన్నేళ్లు ఎందుకు అడగలేదని అడిగాడు. పాండు మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది సత్తయ్యకు.

"ఎవల్ని పిలవాలె అన్నా? కొలతల పేచీ వస్తె అందరు నిన్నే పిలుస్తరు."

బయట మోటారుసైకిల్ హారన్ మోగింది. హిమాయత్ సాగర్ దగ్గర ఇద్దరు దాయాదుల గెట్టు కొలవాలని ముందురోజే కబురొచ్చింది. వాళ్ల మనిషి సత్తయ్యను తీసుకుపోవడానికి వచ్చాడు. సత్తయ్య కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. పాండే లేచి, మేకుకు తగిలించిన టేపు తీసి అన్న చేతిలో పెట్టాడు.

"పో అన్నా, ఎదురుసూస్తున్నరు. మంచిగ కొలువు."

ఆ రోజు గెట్టు మీద సత్తయ్య టేపు పరిచాడు గానీ అంకె చెప్పలేదు. తనకు చూపు సరిగా ఆనడం లేదనీ, ఇద్దరూ వంగి తామే చదువుకోవాలనీ అన్నాడు. వాళ్లు చదువుకున్నారు, ఒప్పుకున్నారు, పేచీ తీరిపోయింది. అంకె కూడా తన నోటితో చెప్పని ఇంత నిఖార్సైన మనిషి ఈ చుట్టుపక్కల ఇంకెక్కడున్నాడని అందరూ ఆయన్ను పొగిడారు. ఆ పొగడ్త వింటూ టేపు చుట్టుకుంటున్న సత్తయ్యకు ఏడుపొచ్చింది.