నింగి లేనినాటి నిప్పు

వానకారు మబ్బులు కురియవలసినదంతయు కురిసి బరువు దిగి తూర్పుకడలి మీదికి సాగిపోగా ఉతికి యారవేసిన చీరవలె తేటపడిన శరదాకాశమున సంజకెంపు మెల్లమెల్లగా నారిపోవుచుండెను. సముద్రపు టుప్పుగాలి రేవునుండి బయలుదేరి జాలరివాడలను దాటి బజారు దీపములను పలుకరించుచు బందరు వర్తకసంఘమువారి మేడ కిటికీలలోనికి చొరబడుచుండెను. ఆ మేడలో నిసుక వేసిన రాలనంత జనము క్రిక్కిరిసియుండెను. ధాన్యపు ధరలు తప్ప వేరొండు కావ్యమును వినియెరుగని యా గోడల నడుమ నాడు నిడుమోలు మందాకిని యష్టావధానము జరుగుచుండెను.

అవధానమననేమో యెరుగని చదువరుల కొక్కమాట. ఎనమండ్రు పృచ్ఛకులు చుట్టును గూర్చుండి యెనిమిది విధములుగా నొక్క బుద్ధిని పీడింతురు. పద్యము కోరినవారికి అవధాని ఒక్కొక్క చుట్టునకు, అనగా ఆవృత్తమునకు, ఒక్క పాదము చొప్పున చెప్పుచు పోయి తుదకు పద్యములన్నిటిని కాగితము తాకకయే మరల నప్పగింపవలెను. పెదవి దాటిన పాదమును వెనుకకు తీసికొనుట యీ విద్యలో లేదు.

మందాకినికి ఈ విద్య గరపిన ముక్తేవి శేషావతారముగారు ముందువరుసలో నుండిరి. వారి యొడిలోని పట్టుసంచిలో కొనల సింహముఖములు చెక్కిన సింహతలాటపు బంగారు కంకణము కలదు. అది వారి గురువులు వారికి తొడిగినది. నిర్దుష్టముగ నవధానము ముగించితివేని నేడే దీనిని నీ చేతికి తొడిగెదను, ఒక్క దోషము దొరలినను సంచి విప్పనని వారుదయముననే చెప్పియుండిరి. ఆ సంచి వంక చూచుచునే శిష్యులు కొందరు ముసలివారైరి. మందాకినికి దానిపై నెంత మక్కువయో దాచుట యేల? బాల్యమునుండి యామె కలలలో దాని మెరుపే మెరసినది. సభలో తప్పు దొరలినను తప్పని యొప్పుకొనకుము, పాండిత్యముతో కప్పివేయుమని గురువుగారి బోధ. వారు తమ జీవితమంతయు నట్లే కప్పి గెలిచినవారు.

పృచ్ఛకులలో వర్ణన నడుగ కూర్చున్నవారు భౌతికశాస్త్రాచార్యులు తాడంకి సర్వోత్తమరావుగారు. వారు గొంతు సవరించుకొని యిట్లనిరి.

"అమ్మా, ఈ విశ్వమెట్లు పుట్టినదో తేటగీతిలో వర్ణింపుము. బ్రహ్మాండము వలదు, నాభికమలము వలదు. మా శాస్త్రము చెప్పునది చెప్పిన చాలును."

మందాకిని క్షణము కనులు మూసి తెరచి ధీరగంభీరస్వరమున తొలిపాదమును పలికెను.

"గగనమందున నొకనాడు కనలె నగ్ని."

సభ చప్పట్లతో మారుమ్రోగెను. ఆచార్యులు మాత్రము తల యడ్డముగా నూపిరి.

"పాదము సొగసైనదే కాని శాస్త్రమునకు సరిపడదమ్మా. గగనమొకటి ముందే పరచియుండగా దానిలో నొకమూల నిప్పు రాజుకొనలేదు. నాటికి గగనమే లేదు."

అంతలో నొకడు లేచెను. అతడు అప్రస్తుతప్రసంగమునకు, అనగా అవధాని ధ్యానమును చెడగొట్టుటకు, నియమింపబడిన పోతుకూచి నరసింగరావను వకీలు.

"అయితే ఎక్కడ అంటుకుందండీ మేష్టారూ? బందర్లోనా, బెజవాళ్లోనా? వీధిపేరు చెప్పండి, ఫైరింజను పంపిద్దాం!"

సభ గొల్లుమన్నది. ఆచార్యులును నవ్వి "ఆ రెండు చోట్లనునండీ" అని బదులిచ్చిరి. "జాలరి విసరిన వల గాలిలో విచ్చుకొనుట చూచియుందురు. ముడులన్నియు నొకదాని కొకటి యెడమగును. ఏ ముడియొద్ద నిలిచి చూచినను తక్కినవన్నియు తననుండియే తొలగుచున్నట్లుండును. విశ్వము నట్లే సాగుచున్నది. వలకైన చుట్టును గాలి కలదు, విశ్వమునకు వెలుపల యనునది మేమెరుగము. వెనుకకు లెక్కించుకొని పోయినచో నేడు మనము చూడగలిగిన చోట్లన్నియు నొక్కటిగా నిరుకుకొని భరింపరాని వేడిమితో నుండినవి. ఈ మేడ యున్న చోటును ఆ నిప్పులోనిదే. చోటు సాగినకొలది నిప్పు చల్లారినది. నాటి వెలుగు చల్లబడి చల్లబడి నేటికిని అన్ని దిక్కులనుండి దాదాపు సమముగా వచ్చి మనమీద పడుచున్నది."

ఆ మాటలు వినుచున్నంతసేపు మందాకిని తన చిక్కును మరచినది. నిప్పు పుట్టిన తావును వెదకుచు నెచ్చటికో పోనక్కరలేదు, తాను కూర్చున్న చాప క్రిందిచోటే యా తావు! ఆనందముతో నామె మేను పులకించెను. మరుక్షణమున తొలిపాదము జ్ఞప్తికి వచ్చెను. గురువుగారి వంక చూచెను. వారి పెదవులు చప్పుడు కాకుండ "చిదాకాశము" అని కదలుచుండెను. ఉపాయము గట్టిదే. గగనమనగా కంటికి కనబడు నింగి కాదు, సర్వమునకు నాధారమైన జ్ఞానాకాశమని యొక్క వ్యాఖ్యానము చెప్పినచో పండితులు భళీ యందురు. ఆచార్యులు మర్యాదస్థులు గావున మారుమాటాడరు. కంకణము చేతికి వచ్చును.

కాని యడిగినది శాస్త్రము చెప్పునదే గదా! నిన్నటి లెక్క తప్పైనచో తప్పని చెప్పి ముందునకు సాగుటయే యా శాస్త్రపు నడక యైనప్పుడు దానిని వర్ణించు పద్యము మాత్రము దిద్దుకొనుటకు సిగ్గుపడనేల యని యామెకు తోచెను. రెండవ యావృత్తము వచ్చెను. తక్కిన పృచ్ఛకులకు చెప్పవలసినవి తడబడక చెప్పి ఆచార్యులవైపు తిరిగి కంఠము తగ్గింపకయే పలికెను.

"యనుచుఁ బలికితి, తప్పది, యపుడు నింగి."

పండితుల వరుసలో కలకలము రేగెను. అవధాని తన తప్పును తన పద్యములోనే, చెరుపరాని చోట, పొదిగినదే యని యొకరి చెవి నొకరు కొరుకుకొనిరి. గురువుగారి పిడికిలి పట్టుసంచిపై బిగిసెను. మందాకిని యది చూచెను. చూచియు నాగలేదు. మూడవపాదమున చోటును కాలమును లేవని చెప్పగానే వకీలు మరల లేచెను.

"కాలమే లేదంటివి గదమ్మా, మరి 'అపుడు' అంటే ఎప్పుడు?"

ఈ సారి మందాకినికి ముందే ఆచార్యులు చేయెత్తిరి. "ఆ యిక్కట్టు మాకును కలదండీ. తొట్టతొలి ఘడియను గూర్చి మాకును మాట చాలదు, లెక్కయు చాలదు. దాని తరువాతి నిప్పును మాత్రము ఎరుగుదుము." తెలియదని యింత ధీమాగా చెప్పిన పండితుని ఆ మేడ యెన్నడును చూచియుండలేదు.

తుదకు ధారణ వచ్చెను. మందాకిని పద్యములన్నిటిని తేనెధారవలె నప్పగించి కడపట దీనిని చదివెను.

గగనమందున నొకనాడు కనలె నగ్ని
యనుచుఁ బలికితి, తప్పది, యపుడు నింగి
లేదు, చోటునుఁ గాలమ్ము లేవు, నిప్పు
తానె చోటుతో నంతటఁ దనరుచుండె.

ఆచార్యులు లేచి నిలువబడి నమస్కరించిరి. సభలోని చూపులన్నియు పట్టుసంచిపై వ్రాలెను. శేషావతారముగారు మెల్లగా లేచి వేదిక నెక్కిరి.

"మందాకినీ, దోషము దొరలినది. చెప్పినదియు నీవే. ఇచ్చిన మాట నేను తప్పను. సంచి విప్పను."

ఆమె తల వంచెను. ఏడ్పు రాలేదన్న నబద్ధము. కన్నీరు జలజల రాలినది. ఐనను పలికిన పాదమునకై యామె యిసుమంతయు వగవలేదు.

"కాని యా పద్యము నాకు నోటికి రావలెను" అని గురువుగారు చాపపై నామె యెదుట చతికిలబడిరి. "ఒక్కొక్క పాదమే చెప్పుము. నీ వెనుక నేను చెప్పెదను."

శిష్యురాలు చెప్పగా గురువు వల్లించుట యా సభ యెరుగనిది. మందాకిని తొలిపాదమును చెప్పెను. వారు చెప్పిరి. రెండవపాదమును చెప్పెను. సభలో నెన్నడును 'తప్పు' అను పలుకు పలుకని ముదుసలి కంఠము దానియొద్ద చిక్కుకొనెను. పిదప వారు నిట్టూర్చి మేడ చివర నిలిచినవారికి సైతము వినబడునట్లు పలికిరి.

"యనుచుఁ బలికితి; తప్పది."

అంతట నాగి తరువాతి మాట నడుగక అదియే మరల నొకసారి చెప్పుకొనిరి.