అమ్మ పేరు మీది ఇల్లు

సమాధానం అనే ఆయన రైల్వేలో పట్టాలు తనిఖీ చేసే కీమేన్‌గా చేసి రిటైరయ్యాక గూడూరులో రెండు గదుల ఇల్లు కొని, భార్య అబిగయీలు పేరున రాయించాడు. ఈస్టరు వెళ్ళిన వారానికి గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత తిరుగుడంతా కూతురు ఫేబీదే. నలభై ఒక్కేళ్ళు, పెళ్ళి కాలేదు, ప్రైవేటు స్కూల్లో టీచరు. మరణ ధ్రువపత్రం కోసం, ఫ్యామిలీ పెన్షను కోసం సెలవులు పెట్టి నాలుగు నెలలు తిరిగింది. జీతంలో కోత పడినా తల్లికి చెప్పలేదు.

పెన్షను మంజూరైన రోజు తల్లి పక్కన కూర్చుంది.

"ముందు గది బాడుగకిస్తాం మా. వెనకదాంట్లో మనిద్దరం సర్దుకుంటాం. నువ్వు యాడికీ పోబళ్ళేదు."

"అట్నే కానీ," అంది అబిగయీలు.

ఆ వారంలోనే, భార్య లిల్లీతో, పిల్లలతో చెన్నైలో ఉండే అన్న బెన్హర్ వచ్చాడు. ఇంటి కాగితాల్లో ఏదో సరిచెయ్యాలి, రిజిస్ట్రారాఫీసుకు నువ్వూ ఆధార్ తీసుకుని రా అని ఫేబీతో అన్నాడు. ముగ్గురూ ఆటోలో వెళ్ళారు.

అక్కడ డాక్యుమెంట్ రైటరు కాగితం చదివి వినిపించాడు. ఇల్లు మొత్తం కొడుకు బెన్హర్‌కు దానం. సాక్షుల్లో రెండో పేరు ఫేబీది.

"ఏందమ్మా ఇది?"

"వాడికి పిల్లలుండారు. నీకెవురుండారు? నేను వాడి దగ్గరికే పోతాండా. నువ్వు యాడన్నా గది చూసుకో."

"ఇన్నాళ్ళు నీకోసం తిరిగినాను గదా!"

"కన్నతల్లి కోసం తిరిగినందుకు కూలడగతావా?"

బెన్హర్ ఫోను చూసుకుంటున్నాడు. వెనకవాళ్ళు తొందరపెడుతున్నారు. ఫేబీ సంతకం పెట్టింది.

సూళ్లూరుపేటలో వేరే స్కూలు వెతుక్కుని, ఒంటిగదిలో దిగింది. క్రిస్మస్‌కి ముందే బెన్హర్ ఇల్లు అమ్మేశాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం తల్లినీ, ఒక సంచీనీ తెచ్చి ఫేబీ గుమ్మంలో దించాడు.

"లిల్లీకి అమ్మతో పడటంలేదు. నువ్వుంచుకో," అని, తిరుగు రైలుందంటూ లోపలికైనా రాకుండా పోయాడు.

ఫేబీ తల్లికి ఇడ్లీ పెట్టింది. అబిగయీలు తింటూ ఏడ్చింది. కోడలు వేళకు అన్నం పెట్టలేదట.

"ఇంక నీ దగ్గరే పడుంటా బిడ్డా."

"నాయుడుపేట కాడ ముసలోళ్ళ హోం ఒకటుండాది. నీ పెన్షను దానికి సరిపోతాది. రేపు పోదాం."

"నేను నీ తల్లిని ఫేబీ!"

"చెట్నీ ఎయ్యనా?"

హోంలో ఎనిమిది మంచాల గదిలో తలుపు పక్క మంచం ఇచ్చారు. ఏదన్నా అయితే ఎవరికి చెప్పాలని వార్డెన్ అడిగింది.

"కొడుకుండాడు," అని ఫేబీ బెన్హర్ నంబరు రాసింది. తన నంబరు రాయలేదు.

అబిగయీలు ఆమె కొంగు పట్టుకుని వదల్లేదు. "ఆదివారం వస్తావా?"

"రాను."

ఫేబీ ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి, బయటికి నడిచింది. బస్సులో ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు. సూళ్లూరుపేటలో కండక్టరు రెండుసార్లు కేకేస్తేగాని ఆమెకు మెలకువ రాలేదు.