శొంఠి అరగదీసిన చెయ్యి

నేను ఒక సానరాయిని. అరచేతికి కాస్త పెద్దగా, గుండ్రంగా ఉంటాను. కొండలో పుట్టాను, ఉలి దెబ్బలు తిని నునుపెక్కాను, తిరునాళ్లలో ఆదెమ్మ చేతికి వచ్చాను. ఆమె నన్ను దేవుడి గూట్లో పెట్టి గంధం తీసేది. దేవుడి బొట్టు నా వీపు మీది నుంచే వెళ్లాలి కదా, అప్పట్లో నాకు గర్వం బాగానే ఉండేది.

ఆదెమ్మ కోడలు వకుళ ఒంగోలులో ఆడపిల్లల బడికి ఆటల టీచరు. మెడలో ఈల, కాళ్ల నిండా దుమ్ము. ఒక వేసవిలో పిల్లల్ని వెంటబెట్టుకుని ఉత్తరాది కొండల్లో క్యాంపుకు వెళ్లొచ్చింది. వచ్చాక మోకాలి వెనక ఎర్రటి మచ్చ లేచి, వలయంలా పెద్దదైంది.

"సాలీడు పాకిందిలే," అని తేల్చేసి ఆదెమ్మ గంధం రాసింది. కొన్నాళ్లకు మచ్చ పోయింది. గంధానికి మంచి పేరొచ్చింది, అందులో నాకూ కొంత వాటా దక్కింది.

ఆ తర్వాత తలనొప్పి పట్టుకుంది. వెలుగు పడదు, గిన్నె చప్పుడు పడదు. కళ్ల డాక్టరు అద్దాలిచ్చాడు. ఒకాయన సైనస్ అన్నాడు, ఇంకొకాయన మైగ్రేన్ అన్నాడు, మరొకాయన ఆలోచనలు తగ్గించుకోమన్నాడు. చుట్టాలు దిష్టి అన్నారు. తెలియదు అన్న ఒక్క మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. నేను దేవుడి గూట్లోంచి వకుళ మంచం పక్కకు మారాను. రోజూ సాయంత్రం ఆదెమ్మ నా మీద నీళ్లు చిలకరించి, శొంఠి కొమ్ము అరగదీసి, కోడలి నుదుటికి పట్టు వేసేది.

"మళ్లీ గ్రౌండులోకి పోగలనా అత్తయ్యా?"

"పోకేం జేస్తావే. కళ్లు మూసుకో, మండుద్ది."

సాయంత్రం బడి గంట వినిపిస్తే వకుళ మూసి ఉన్న కిటికీ వైపు తల తిప్పేది. ఏళ్లు అలాగే గడిచాయి. రాతికి ఆశలేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఆ పిల్ల ఒక్కసారి దుమ్ము కాళ్లతో ఇంట్లోకి రావాలని నేను ఎంత కోరుకున్నానో నాకు తెలుసు.

చివరికి గుంటూరులో ఒక డాక్టరమ్మ తల సంగతి పక్కన పెట్టి, నొప్పికి ముందు ఎక్కడికి వెళ్లారు, ఒంటి మీద ఏమైనా లేచిందా అని అడిగిందట. వకుళ మరిచిపోయింది. ఆదెమ్మకు ఆ ఎర్ర మచ్చ గుర్తుంది. రక్తపరీక్షలో లైమ్ వ్యాధి అని తేలింది. అడవిలో జంతువుల ఒంటికి పట్టే పిడుదు పురుగు కుడితే వస్తుందట, మన వైపు అరుదు కాబట్టి ఎవరికీ తట్టలేదట. ఇంటికొచ్చి ఆదెమ్మ నా ముందే ఈ మాటలు పక్కింటామెకు చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మందులు మొదలయ్యాయి. నొప్పి వెంటనే పోలేదు, కొంచెం కొంచెంగా వదిలింది. ముందు కిటికీ తెరుచుకుంది, తర్వాత వీధి తలుపు. వకుళ మళ్లీ మెడలో ఈల వేసుకుంది. నన్ను వంటింటి అరలో రవ్వ డబ్బా వెనక పెట్టారు. సంతోషమే. కానీ తడి లేక, ఆ చెయ్యి లేక నాకు తోచేది కాదు. ఆదెమ్మకూ అంతే. సాయంత్రమయ్యేసరికి అలవాటుగా నీళ్ల గ్లాసుతో మంచం దాకా వెళ్లి, ఖాళీ మంచం చూసి వెనక్కి వచ్చేది.

ఒకనాడు వకుళ గ్రౌండు నుంచి ఎండకు కమిలిన ముఖంతో వచ్చింది. అరలోంచి నన్ను, శొంఠి కొమ్మును తీసి అత్తగారి ముందు పెట్టి, ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.

ఆదెమ్మ వంగి కోడలి ముఖంలోకి చూసింది. "మళ్లా వచ్చిందా ఏంది నొప్పి?"

"లేదత్తయ్యా. ఊరికే. నీ చెయ్యి పెట్టు."

ఆదెమ్మ ఆ నుదుటి మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. నన్ను తడపడం ఇద్దరూ మరిచిపోయారు.